గరగర లేని రేడియో

మా ఇంట్లో పిల్లలు ఫోన్‌లో పాట సగం విని ఇంకోదానికి పోతారు. అది సగం, ఇది పావు. పళ్ళెంలో అన్నమైనా సరే, చెవిలో పాటైనా సరే, సగంలో వదిలేయడం నాకు పడదు. "నచ్చకపోతే మారుస్తం నానమ్మా, దానికేంది?" అంటుంది మనవరాలు. దానికేందో చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి, పినపాక అవతల అడవిలో ఒక తునికాకు కల్లం దగ్గరికి పోవాలి. నేను రాసే మనిషిని కాదు. మూడో తరగతిలో పలక పగిలితే మళ్ళీ కొనివ్వలేదు, చదువు అక్కడితో సరి. అయినా ఈ సంగతి ఇంకొకరి చేత రాయించడం నాకిష్టం లేదు. ఇందులో తప్పు నాది. నా తప్పు నేనే రాయాలి.

మాది ముదిగొండ వైపు. మా ఆయన బీడీ ఆకు లారీ మీద పనిచేసేవాడు. నడుము దెబ్బతిని మంచాన పడితే, ఆయన బదులు ఆకు కాంట్రాక్టు సేటు నన్ను కల్లం మీద పెట్టాడు. కల్లం అంటే అడవి అంచున చెట్లు లేకుండా చదును చేసిన జాగా. గూడెం వాళ్ళు తెల్లవారకముందే అడవిలోకి పోయి తునికాకు తెంపి, ఇంటి దగ్గర యాభై ఆకులకొక కట్ట కట్టి, పొద్దు వాలే వేళకు తెచ్చి ఇస్తారు. ఆ కట్టలను నేల మీద వరసలుగా పేర్చి, తిరగేస్తూ ఎండబెట్టి, బస్తాల్లో కూరి లారీ ఎక్కించాలి. ఇదంతా చూసుకునే మనిషిని కల్లేదారు అంటారు. ఆడ కల్లేదారును అంతకుముందు ఎవరూ చూడలేదు. "ఈమె నవ్వదు, ఒక్క ఆకు తగ్గినా కట్ట తీసుకోదు" అని మొదటి ఏడాదే పేరొచ్చింది. నవ్వే పని ఏముందక్కడ? నెలన్నర సీజన్, నెత్తి మీద ఎండ, కింద ఆకు. అలా ఇరవై రెండు ఎండాకాలాలు చేశాను.

ఆకుకు శత్రువు వాన. ఎండుతున్న కట్ట ఒక్కసారి తడిసినా లోపల నల్ల మచ్చ పడుతుంది. మచ్చ పడ్డ ఆకును బీడీకి ఎవరూ ముట్టరు. ఎండాకాలం వానలు మా వైపు చెప్పి రావు. పడమట పెద్ద గుట్ట ఒకటి అడ్డం. ఆ వెనక మొగులు, అదే మబ్బు, కమ్మినా మాకు కనపడదు. గుట్ట నెత్తి మీదికి వచ్చాక కనపడితే, ఇక ఆకు కుప్ప వేసి పరదా కప్పడానికి సమయం చాలదు.

అందుకు మాకొక ఉపాయం ఉండేది. అది దొరికిందే నా పిసినారితనం వల్ల. మా ఆయన వాడిన పాత ట్రాన్సిస్టర్ ఒకటి గుడిసె నిట్రాటకు వేలాడదీసేదాన్ని. మధ్యాహ్నం స్టేషన్ ఆగిపోయేది. ఒకరోజు ఎవరూ కట్టేయలేదు. ఉట్టిగా బ్యాటరీలు ఆరిపోతున్నాయని తిట్టుకుంటూ కట్టేయబోతే, స్టేషన్ లేని ఆ ఉత్త గాలిలో 'పట్... పట్' అని వినపడింది. కాసేపటికి గుట్ట వెనక నుంచి ఉరుముల వాన. ఇంకోరోజు మళ్ళీ అలాగే. ఎక్కడో మెరిసే మెరుపు రేడియోలో పటపటమంటుందని అప్పుడు అర్థమైంది. ఇక అదే పద్ధతి. మధ్యాహ్నం తిండి అయ్యాక, ముల్లును స్టేషన్ లేని చోట పెట్టి, సౌండు తగ్గించి వదిలేసేవాళ్ళం. పది కట్టలు తిరగేసే లోపు ఒకసారి పట్‌మంటే వాన దూరం. ఒక్క కట్ట తిరగేసే లోపే రెండుసార్లు అంటే లేచి ఉరకాలి. గంట ముందే కబురు అందేది. ఆ పాత డబ్బా పుణ్యాన చాలా ఏళ్ళు మా కల్లంలో ఒక్క కట్ట తడవలేదు.

కట్టలు తిరగేసే పదిమందిలో పెద్దది ఒక కోయ అక్క. నాకంటే పదేళ్ళు పెద్దది. నోట్లో పొగాకు, మాటలో ఎకసెక్కం. పాట వినపడితే చేతులు ఆడవు. పది ఎండాకాలాలు కలిసి చేశాం. రోజుకు రెండుసార్లన్నా ఆమెను తిట్టకుండా నాకు పొద్దు గూకేది కాదు.

నేను చెప్పే సంవత్సరానికి ముందటి ఏడు ఆకు బాగా రాలేదు. వాన వల్ల కాదు, తెగులు వల్ల. మచ్చ ఎందుకొచ్చిందో ఎవరికి కావాలి? సీజన్ మొదట్లోనే సేటు తరఫున చెకింగ్‌కు వచ్చే పెద్దమనిషి, గూడెం వాళ్ళందరి ముందు నిలబడి చెప్పాడు:

"ఈ యేడు గూడ మచ్చాకు వస్తే ఈ కల్లం ఎత్తేస్తం. వాగు అవతలి కల్లంల పోసుకోండ్రి."

వాగు అవతలి కల్లం అంటే నెత్తిన మూటతో పూట నడక. పాలు తాగే పిల్లల తల్లులు, ముసలివాళ్ళు ఆ దూరం మొయ్యలేరు. నలభై ఇళ్ళ గూడెం అది. ఆకు సీజనే వాళ్ళకు వానాకాలం విత్తనం, పిల్లలకు బడి బట్టలు. నా పని సంగతి సరే. ఆ కల్లం పోతే గూడెంలో సగం ఇళ్ళకు ఆ ఏడు ఏమీ లేదు. అది మా అందరికీ తెలుసు.

ఆ ఏడే కొత్త గుమస్తా వచ్చాడు. ఖమ్మం టౌన్ పిల్లగాడు, కొత్తగా పెళ్ళయినవాడు. ఇస్త్రీ ప్యాంటు, మెడకు తువ్వాల, చంకలో ఒక అట్టపెట్టె. ఆ పెట్టెలో ఉన్నది ఆకాశం రేడియో. మామ పెట్టిన రేడియోనట.

"మామూలు రేడియో కాదు పెద్దమ్మా, ఉపగ్రహం రేడియో," అన్నాడు.

పెట్టె మామూలుగానే ఉంది. దానికొక తీగ, తీగ చివర తెల్లటి చదరపు బిళ్ళ, రెండు అరచేతులంత. ఆ బిళ్ళను పట్టుకుని గుడిసె చుట్టూ తిరిగాడు. ఆగ్నేయం వైపు తిప్పి, కొంచెం మీదికి ఎత్తి, పెట్టె మీద గీతలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఇప్పచెట్టు కిందికి పోగానే గీతలు పడిపోయాయి.

"బిళ్ళకు ఆకాశానికి నడుమ ఒక్క ఆకు గూడ అడ్డం రావొద్దు," అన్నాడు.

"ఆకు అడ్డమా? మేం బతికేదే ఆకుతోటి," అంది అక్క.

"ఆ కొమ్మ ఒక్కటి కొడదామా?"

"ఇప్పచెట్టు మీద గొడ్డలి పెడ్తవా? నీ పెట్టెనే అడవి బయటికి తీస్కపో బిడ్డా."

చివరికి గుడిసె కప్పు మీద, బోర్లించిన చేట మీద ఆ బిళ్ళను కట్టారు. గీతలన్నీ నిండాయి. పాట వచ్చింది. చిన్నప్పటి నుంచి నేను రేడియో విన్నాను. కానీ వెనక గరగర, బుయ్యిమనే రొద లేకుండా ఒక పాట మొదటి మాట నుంచి చివరి మాట దాకా వినడం అదే మొదలు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. నేను చేతిలో కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్క చూసింది.

"కల్లేదారమ్మ చెయ్యి ఆగింది, రాసుకోండ్రి," అంది అందరికీ వినపడేలా.

మధ్యాహ్నం తిండి దగ్గర గుమస్తా మాకు పాఠం చెప్పాడు. ఎక్కడో పట్నంలో పాడింది పైకి పంపుతారట. పైన, మొగులుకు చాలా పైన, ఒక యంత్రం ఉంటుందట. అది ఆ పాటను పట్టుకుని దేశమంతటి మీద ఒక్కసారే కిందికి చల్లుతుందట. గుట్ట అడ్డం ఉన్నా, అడవి ఉన్నా, టవరు లేకున్నా ఫరవాలేదు. నెత్తి మీద ఆకాశం కనపడితే చాలు.

"అది కింద పడదా?" అంది అక్క.

"పడదు. భూమి తిరిగినట్టే అదీ తిరుగుతది. గందుకే మనకు కదలకుంట ఒక్క కాడనే ఉన్నట్టు."

"మనం మాట్లాడితే దానికి ఇనవడ్తదా?"

"ఇనవడదు. అది చెప్పుడే గని, మన మాట వినుడు లేదు."

"అయితే మన సేటు లెక్కనే," అంది అక్క. అందరూ నవ్వారు. గుమస్తా చుట్టూ చూసుకుని తనూ నవ్వాడు.

గరగర ఎందుకు లేదని నేను అడిగాను. పిల్లగాడు నా ముందున్న ఆకు కట్టను చేతిలోకి తీసుకున్నాడు. "పాత రేడియోల మాట విడి ఆకు లెక్క వస్తది పెద్దమ్మా. దారిల దుమ్ము, చెత్త అన్నీ కలుస్తయి. దీంట్ల మాటను కట్టలు గట్టి పంపుతరు, లెక్క రాసి. యాభై లేని కట్టను నువ్వు ఎట్ల పక్కన పడేస్తవో ఈ పెట్టె గూడ గట్లనే. లెక్క సరిపోయినవే విప్పుతది. సరిపోకుంటే ఊకుంటది. అందుకే వస్తే సాఫుగ వస్తది, లేకుంటే అసలే రాదు."

ఇంత బాగా నాకు ఏ బడీ చెప్పలేదు. అతనిని అప్పుడు మెచ్చుకోలేదు, పిల్లలను మొహం మీద మెచ్చుకునే అలవాటు నాకు లేదు. ఇప్పుడు మెచ్చుకుంటున్నాను.

ఆ పెట్టెకు కార్డు కొనాలట. కొని పెట్టె నంబరు చెబితే పైనుంచే తాళం తీస్తారట. అందుకే సబ్బుల గురించి, నూనెల గురించి అరుపులుండవు. మీట తిప్పితే ఒకచోట తెలుగు పాటలు, ఒకచోట హిందీ, ఒకచోట మాకు తెలియని భాషలో కథ చెప్పే ఆయన, ఒకచోట వార్తలు. ఉదయం పూట ఒక డాక్టరమ్మ, బాలింత ఏం తినాలో, పసిపిల్లకు విరేచనాలైతే నీళ్ళల్లో ఉప్పు, చక్కెర ఎంత కలపాలో చెప్పేది. గూడెం ఆడవాళ్ళు కట్టలు తిరగేయడం ఆపి, అది అయ్యేదాకా కదిలేవాళ్ళు కాదు. నేనూ అరిచేదాన్ని కాదు. ఒక తల్లి ఆ ఉప్పు నీళ్ళతోనే బిడ్డను నిలబెట్టుకుంది. ఆ డాక్టరమ్మ ఎవరో, ఎక్కడుంటుందో మాకు తెలియదు. మేము విన్నామని ఆమెకూ తెలియదు.

పాటల్లో ఒకటి అక్కకు మరీ ఇష్టం. ఒక ఆడమనిషి నెమ్మదిగా పాడుతుంది. చివరి చరణం అయ్యాక సన్నాయి ఒక్కటే కాసేపు వాయిస్తుంది. అది ఎప్పుడొస్తుందో తెలియదు. రెండు రోజులకోసారి వచ్చేది, ఒక్కోసారి నాలుగు రోజులు వచ్చేది కాదు. వస్తే మాత్రం అక్క చేతులు ఆగిపోయేవి.

"పాట చెవులతోటి విను, చేతులతోటి కాదు," అని నేను.

"నా పెండ్లిల సన్నాయి లేదు చెల్లె. ఇప్పుడన్న విననీ," అని ఆమె.

ఇక నా తప్పు. కొత్త పెట్టెకు నాలుగు పెద్ద బ్యాటరీలు కావాలి. పాత డబ్బాకు మూడు. టార్చిలైటుకు రెండు. బ్యాటరీలు కావాలంటే మణుగూరు పోవాలి. నేను ఆరిన బ్యాటరీని పారేసే మనిషిని కాదు. ఎండలో పెట్టి, ఇంకో రెండు రోజులు లాగే మనిషిని. ఒక గుడిసెలో రెండు రేడియోలు ఎందుకనుకున్నాను. పాత డబ్బాలోని మూడు బ్యాటరీలు తీసి, రెండు టార్చిలో, ఒకటి కొత్త పెట్టెలో ఆరిపోయినదాని బదులు వేశాను. పాత డబ్బాను గుడ్డలో చుట్టి బస్తాల వెనక పెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. మధ్యాహ్నాలు ఆ డబ్బా ఏ పని చేసేదో, ఆ పని కనిపెట్టిందాన్ని నేనే. అదే మరిచిపోయాను. ఇంత మంచి రేడియో ఉండగా వాన సంగతి అదే చెబుతుందని లోపల ఎక్కడో అనుకున్నానేమో. ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

మొదటి వాన వారానికి వచ్చింది. మధ్యాహ్నం. కొత్త పెట్టెలో హుషారు పాట. గుట్ట నెత్తి మీద మొగులు కనపడి మేము లేచేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉరికాము, కుప్పలు వేశాము, అయినా ఆరు వరసలు తడిసిపోయాయి. ఫెళఫెళ ఉరుముతుంటే, పెట్టె మాత్రం ఒక్క మాట తప్పకుండా పాడుతూనే ఉంది. గుడిసెలోకి తడుచుకుంటూ వచ్చిన గుమస్తాకు అప్పుడు కూడా సంబరమే.

"చూసిన్రా? వానల గూడ ఆగలే!"

 నాకు ఒళ్ళు మండి, ఎవరి మీద చూపించాలో తెలియక అక్క మీద పడ్డాను. "నోట్ల పొగాకు వెట్టుకొని పాట వినుకుంట గూసుంటివి. నీ వల్లనే ఆరు వరసలు పోయినయ్. ఈ కల్లం పోతే నీ పేరే చెప్త."

అక్క ఎకసెక్కం ఆడలేదు. పొగాకు ఉమ్మి, తడిసిన కట్టలను విడిగా పేర్చింది. మరునాడు పనికొచ్చింది గానీ నాతో మాట్లాడలేదు.

చెకింగ్ పెద్దమనిషి వచ్చి ఆ ఆరు వరసలనూ కాలితో కదిలించి చూశాడు. నల్ల మచ్చలు. "ఇది ఒకటయింది. ఇంకోటయితే తాళమే," అని చెప్పి బండెక్కి పోయాడు.

ఆ తర్వాత పది రోజులు ఎండ బాగా కాసింది. ఆకు తెంపుడు చివరికొచ్చింది. ఆ సీజన్‌లో ఎన్నడూ లేనంత ఆకు ఒక్కసారే నేల మీద ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా మట్టి కనపడదు. అదంతా ఎండి లారీ ఎక్కితే కల్లం నిలిచినట్టు.

ఆ రోజు మధ్యాహ్నం గాలి లేదు, ఒకటే ఉక్కపోత. ఆకాశం తళతళలాడుతోంది. తిండి తిని, చేతులు కడుక్కుని వరసల్లోకి దిగాం. పెట్టె పాడుతోంది. అక్క రెండు కట్టలు తిరగేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పది రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"చెల్లె, పాత డబ్బ పెట్టు."

"దాంట్ల సెల్లుల్లేవు. దీంట్ల ఏసిన."

"అయితే దీన్ని ఆపి దాంట్ల ఎయ్యి."

"ఎందుకు? మొగులు యాడున్నది? పెట్టె ఎంత సాఫుగ పాడుతున్నది జూడు. వానుంటే గరగరమనదా?"

ఈ మాట నా నోటితోనే అన్నాను పిల్లలూ. అందరి ముందు, గట్టిగా.

అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు, పసిపిల్లను చూసినట్టు. "అది మొగులుకు పైన గూసున్నది చెల్లె. మన వాన దానికెట్ల ఎర్క? మొన్న వానల నెత్తి మీద పిడుగులు వడ్తుంటె గూడ అది పాడుకుంటనే ఉన్నది గద. నీ డబ్బనే చెవి వెట్టి వినేది. దాన్ని నువ్వే మూట గట్టినవ్."

నేను ఏదో అనబోయాను. అప్పుడే ఆ పాట మొదలైంది. సన్నాయి పాట. ఆరు రోజుల నుంచి రాలేదు. పదిమందీ అక్క వైపు చూశారు. ఇక ఈమె కదలదు, పాట అయ్యాకే మిగతా సంగతి అనుకున్నాను నేను.

ఆమె గుడిసె దగ్గరికి నడిచింది. గుమ్మంలో నిలబడి ఒక చరణం వింది. రెండో చరణం వింది. చివరి చరణం అయి, సన్నాయి ఎత్తుకోబోయే చోట మీట నొక్కింది. పాట ఆగిపోయింది. పెట్టెను బోర్లించి వెనక మూత ఊడబీకింది.

"అయ్యో, అక్కా, అది నాజూకుది!" అని గుమస్తా లేచాడు.

"నీ పెట్టెను నేనేం తినను బిడ్డా, ఊకో."

బస్తాల వెనక నుంచి పాత డబ్బా తీసి, గుడ్డ విప్పి, మూడు బ్యాటరీలు వేసి, ముల్లును స్టేషన్ లేని చోటికి తిప్పింది. సౌండు మొత్తం పెంచింది.

నూనెలో ఆవాలు వేసినట్టు వినపడింది. పట్... పటపట. పటపటపటపట.

నా చేతిలో ఒక కట్ట ఉంది. దాన్ని తిరగేయడానికి కూడా సందు లేదు.

"లేవుండ్రి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "కుప్పలెయ్యుండ్రి! జల్దీ!"

ఆకాశం ఇంకా తళతళలాడుతూనే ఉంది. ఎవరైనా దూరం నుంచి చూస్తే, ఎండలో పదిమంది ఆడవాళ్ళకు పిచ్చెక్కిందనుకుంటారు. వంగిన నడుము ఎత్తకుండా కట్టలు దోసిళ్ళకెత్తి కుప్పలు పోశాం. ఒక పిల్ల గూడెంలోకి ఉరికి కేక వేస్తే, చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు, కళ్ళు కనపడని ఒక తాత కూడా వచ్చారు. గుమస్తా ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ మీదికి మడిచి రాళ్ళు మోశాడు. గుడిసెలో డబ్బా పటపటమంటూనే ఉంది. మాకు అదే మేస్త్రీ.

చివర్లో పరదాలు చాలలేదు. రెండు కుప్పలు బోడిగా మిగిలాయి. అందరూ అటూ ఇటూ చూస్తున్నారు. అక్క నా వైపే చూస్తోంది.

"ఏంది?" అన్నాను.

"నీ మంచం కింద."

వచ్చే ఏడాదికని దాచిన కొత్త పరదా. దారం కూడా విప్పలేదు. అది అక్కడుందని ఎవరికీ తెలియదనుకున్నాను. మొత్తం గూడేనికి తెలుసట. తెచ్చి దారం తెంపాను. అది పరిచి, చివరి రాయి పెట్టేసరికి గుట్ట మీద నల్లగా లేచింది. గాలి ముందు వచ్చి కప్పు మీది చేటనూ బిళ్ళనూ ఎగరేసింది. ఆ వెనకే వాన, రాళ్ళవాన.

గుడిసెలో పట్టినంతమంది నిలబడ్డాం. పాత డబ్బా పిచ్చిపట్టినట్టు పటపటలాడుతోంది. అక్క చెయ్యి పెట్టి దాన్ని కట్టేసింది.

"ఇగ సాలు. సెల్లులు ఆరిపోతే కల్లేదారమ్మ కొడ్తది," అంది.

అందరికీ నవ్వు వచ్చింది. నేనూ నవ్వానట. "నవ్వింది, నవ్వింది" అని ఎవరో అనడం గుర్తుంది.

మూడో రోజు చెకింగ్ పెద్దమనిషి వచ్చాడు. రాళ్ళవాన కబురు ఆయనకు అందింది, తాళం వేయడానికే వచ్చినట్టున్నాడు. పరదాలు ఒక్కొక్కటే ఎత్తించాడు. కుప్ప లోపలికి చెయ్యి పెట్టి కట్టలు తీసి విప్పాడు. ఆకు తర్వాత ఆకు. గూడెం అంతా చుట్టూ నిలబడి ఉంది. చివరి కుప్పలో చివరి కట్ట విప్పి, కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"సాఫుగున్నది," అన్నాడు. "కల్లం ఉండనీ."

ఆయన పోయాక నేను అక్క పక్కన కూర్చున్నాను. తప్పయిందని చెప్పాలి. నా నోటికి ఆ మాట అలవాటు లేదు. అదీ ఇదీ మాట్లాడి, చివరికి, "అక్కా, నీకేం గావాలె, చెప్పు," అన్నాను.

ఆమె ఆలోచించనే లేదు. "ఆనాడు సన్నాయి వినలే. ఆ పాట పెట్టు."

గుమస్తా తల గోక్కున్నాడు. "మనం అడిగితే పెట్టరక్కా. అది పంపినప్పుడే మనకు. మన మాట దానికి ఇనవడదు అంటిని గద."

"ఇనవడకుంటే మానె. వస్తది గద ఎప్పుడో," అంది అక్క.

మణుగూరు పోయే గుమస్తా చేత అదనంగా నాలుగు బ్యాటరీలు తెప్పించాను. అవసరం కంటే ఎక్కువ కొన్నది నా జన్మలో అదొక్కటే. పొద్దున కొత్త పెట్టె, మధ్యాహ్నం పాత డబ్బా. బిళ్ళ మూల ఒకటి పగిలింది గానీ పని చేసింది. రోజూ పొద్దున వినేవాళ్ళం. డాక్టరమ్మ వచ్చేది, వార్తలు వచ్చేవి, వేరే పాటలు వచ్చేవి. ఆ పాట రాలేదు. ఆ రోజు మధ్యలో ఆపినందుకు పాట అలిగినట్టుందని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు ఆ ఆకాశం రేడియో దేశమంతటా ఆగిపోయింది. కంపెనీ మూసేశారని, పెట్టె ఉట్టి డబ్బా అయిందని గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు. అతని గొంతు దిగులుగా ఉంది. నేను ఓదార్చాలని, "మంచి వస్తువే బాబూ. నా నోటికీ చేతికీ బుద్ధి చెప్పింది," అన్నాను. అక్క ఇప్పుడు లేదు. కల్లం ఉంది. ఆమె మనవరాలే ఇప్పుడక్కడ కల్లేదారు. ఫోన్‌లో వాన బొమ్మ చూసుకుని పరదాలు కప్పిస్తుంది. మంచిదే. కొత్తది వచ్చినప్పుడు సంతోషంగా తీసుకోండి పిల్లలూ. పాతది ఏ పని చేసేదో ఒకసారి గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత మూట కట్టండి. నేను చెప్పేది అంతే.

మిగిలింది ఆ సీజన్ ఆఖరి రోజు. లారీ వచ్చింది. బస్తాలు ఎక్కిస్తున్నాం. డ్రైవరుకు తొందర, చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దాటాలని హారన్ కొడుతున్నాడు. ఇంకో ఇరవై బస్తాలున్నాయి. పెట్టెను సర్దేయబోతూ గుమస్తా ఆగిపోయాడు. మా వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు.

ఆ పాట.

అక్క నెత్తి మీద బస్తా ఉంది. దాన్ని లారీ దాకా మోసుకుపోదామా, దించేద్దామా తెలియక నడిమధ్యలో నిలబడింది. నన్ను చూసింది. పని మధ్యలో ఎవరైనా నిలబడితే నేనేమంటానో ఆమెకు పదేళ్ళుగా తెలుసు.

నేను పోయి ఆ బస్తాను దించాను. "గూసో," అన్నాను.

అందరూ కూర్చున్నారు. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏందమ్మా, లారీ ఆపుకొని పాటలు వింటరా?" అని అరిచాడు. "హారన్ కొడితే దిగొచ్చి తాళంచెవి గుంజుకుంట," అన్నాను. డ్రైవరు తనూ దిగి వచ్చి చక్రం పక్కన కూర్చున్నాడు.

మొదటి చరణం అయింది. రెండోది అయింది. చివరిది అయింది. సన్నాయి ఎత్తుకుంది. అక్క కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది. గుట్ట మీద ఎండ ఉంది. 

సన్నాయి ఆగాక అక్క కళ్ళు తెరిచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇగ ఎత్తుండ్రి," అంది.